తేదీ దాటింది... తినొచ్చా?

ఫ్రిజ్‌ తలుపు తీశారు. పెరుగు ప్యాకెట్‌ మీది గడువు నిన్నటితో అయిపోయింది. పక్కనే సగం వాడిన బ్రెడ్‌, దానికి మొన్నటి తేదీ. షెల్ఫ్‌లో పిల్లల కోసం కొన్న బిస్కెట్లు ఉన్నాయి, వాటికి గడువు తీరి మూడు వారాలైంది. ఇప్పుడేం చేస్తారు?

ఇలాంటప్పుడు దాదాపు ప్రతి ఇంట్లోనూ రెండు పార్టీలు తయారవుతాయి. హైదరాబాద్‌లో చదువుకుంటున్న అమ్మాయి తేదీ చూసి మూడింటినీ చెత్తబుట్టలో వేయమంటుంది. నాయనమ్మ ప్యాకెట్‌ విప్పి వాసన చూసి ‘ఏం గాలేదు, పైసలు పెట్టి కొన్నది పారేస్తరా’ అంటుంది. మధ్యలో ఉన్నవాళ్లు ఏమీ తేల్చుకోలేక మళ్లీ ఫ్రిజ్‌లోనే పెట్టేస్తారు. అది అన్నిటికంటే చెడ్డ నిర్ణయం!

ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది. బిస్కెట్ల విషయంలో నాయనమ్మ చెప్పింది రైటు కావొచ్చు. బ్రెడ్‌కు బూజు కనిపిస్తే అమ్మాయిదే రైటు. పెరుగు సంగతి తేల్చాలంటే మాత్రం తేదీతోపాటు ఇంకో మాట అడగాలి. నిన్న మధ్యాహ్నం కరెంటు ఎంతసేపు పోయింది? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌ వైపు ఉండే మనం ఈ చివరి ప్రశ్నను అస్సలు మరిచిపోకూడదు.

రెండు తేదీలు, రెండు అర్థాలు

ప్యాకెట్ల మీద సాధారణంగా మనకు కనిపించే మాటలు రెండు. ఒకటి ‘బెస్ట్‌ బిఫోర్‌’. అంటే ఆ రోజు వరకు రుచి, రంగు, కరకర, వాసన తయారీదారు చెప్పినట్టే ఉంటాయని అర్థం. ఆ తర్వాత నాణ్యత కాస్త తగ్గొచ్చు గానీ, తింటే ప్రమాదమని కాదు. రెండోది ‘యూజ్‌ బై’ లేదా ‘ఎక్స్‌పైరీ’. ఆ రోజు దాటాక ఆ పదార్థం సురక్షితమని తయారీదారు భరోసా ఇవ్వలేడు. దాన్ని అమ్మకూడదు కూడా.

ఇంతవరకు తేలికే. చిక్కు ఆ తర్వాత ఉంది. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) 2020లో తెచ్చిన లేబులింగ్‌ నిబంధనల ప్రకారం తయారీ లేదా ప్యాకింగ్‌ తేదీతోపాటు ‘ఎక్స్‌పైరీ/యూజ్‌ బై’ తేదీ తప్పనిసరి. ‘బెస్ట్‌ బిఫోర్‌’ అదనంగా రాసుకుంటే రాసుకోవచ్చు. దీనివల్ల కొనేవాళ్లకు స్పష్టమైన తేదీ దొరికింది, మంచిదే. కానీ పాల ప్యాకెట్‌ మీదా, పాపడాల ప్యాకెట్‌ మీదా ఒకటే మాట వచ్చి కూర్చుంది. రెండు రోజులు దాటిన పాలు, రెండు రోజులు దాటిన పాపడాలు ఒకటేనా? కాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. లేబుల్‌కు మాత్రం తెలియదు. కాబట్టి దేనికి తేదీ కచ్చితంగా పాటించాలి, దేనికి కాస్త ఆలోచించవచ్చు అన్నది విడదీసుకోవాల్సింది మనమే. పంచదార, వెనిగర్‌ లాంటి కొన్నింటికి గడువు తేదీ నుంచి నిబంధనల్లోనే మినహాయింపు ఉంది. తేమ, సూక్ష్మజీవుల లెక్క తెలిసే ఆ వెసులుబాటు ఇచ్చారు. ఆ లెక్కేమిటో కాసేపట్లో చూద్దాం.

తేదీ కింద ఉన్న చిన్న అక్షరాలు

తేదీ చూసే అలవాటు చాలామందికి వచ్చింది. దాని కిందో పక్కనో ఉండే ఇంకో వాక్యాన్ని మాత్రం ఎవరూ చదవరు. ‘5 డిగ్రీల లోపు ఉంచండి’, ‘చల్లని, పొడి ప్రదేశంలో భద్రపరచండి’, ‘తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టి ఇన్ని రోజుల్లో వాడేయండి’. తేదీకి ప్రాణం ఈ వాక్యమే. ఆ షరతు తప్పితే ఆ తేదీ చెల్లదు. మనింటి గచ్చు మీద మూడు గంటలు పడి ఉన్న పాల ప్యాకెట్‌కు తేదీ రేపటిదైనా ఎల్లుండిదైనా ఒకటే.

మన ఊళ్లలో తెల్లవారుజామున పాల వ్యాను ట్రేలు దించి వెళ్లిపోతుంది. దుకాణం తెరిచేదాకా అవి అరుగు మీదే ఉంటాయి. శీతాకాలంలో సరే. ఏప్రిల్‌, మే నెలల్లో ఎలా? కొన్ని చిన్న దుకాణాల్లో కరెంటు బిల్లు మిగుల్తుందని రాత్రిపూట ఫ్రిజ్‌ ఆపేస్తారు. ఆ పాలు, ఆ పెరుగు, ఆ పనీరు ఎన్నిసార్లు చల్లబడి ఎన్నిసార్లు వేడెక్కాయో ప్యాకెట్‌ చెప్పదు. పాల ప్యాకెట్‌ కొనేటప్పుడు తేదీ కంటే ముందు చేత్తో పట్టుకుని చూడండి. చల్లగా తగలకపోతే తీసుకోవద్దు. ప్యాకెట్‌ ఉబ్బి ఉంటే అస్సలు వద్దు.

2022 జనవరిలో బ్రిటన్‌లోని మోరిసన్స్‌ అనే సూపర్‌మార్కెట్‌ సంస్థ ఓ నిర్ణయం ప్రకటించింది. తన సొంత బ్రాండు పాలలో ఎక్కువ భాగానికి ‘యూజ్‌ బై’ తీసేసి, ‘బెస్ట్‌ బిఫోర్‌’ మాత్రమే వేస్తానంది. ఆ తర్వాత వాసన చూసుకుని వాడుకోవాలని కొనేవాళ్లకు చెప్పింది. పాలు అనవసరంగా పారబోయకుండా ఉండాలన్నది వాళ్ల ఆలోచన. అక్కడ డెయిరీ నుంచి ఇంటి ఫ్రిజ్‌ దాకా చల్లదనం తెగదు. బయట వాతావరణమూ చల్లనే. 43 డిగ్రీలు దాటే ఎండలో, గాలిదుమారం వస్తే రాత్రంతా కరెంటు లేని చోట ఆ సలహా పనికిరాదు. ఇంటర్నెట్‌లో, వాట్సాప్‌లో తిరిగే ‘గడువు దాటినా ఇన్ని రోజులు తినొచ్చు’ జాబితాల్లో చాలావరకు చలి దేశాలవే. వాటిని చూసి ఇక్కడ పాలు తాగితే ఇబ్బంది పడేది మనమే.

సూక్ష్మజీవులు వేగంగా పెరిగేది 5 నుంచి 60 డిగ్రీల మధ్య. అందుకే వండినవి, త్వరగా పాడయ్యేవి బయట రెండు గంటలకు మించి ఉంచొద్దంటారు. గది వేడి 32 డిగ్రీలు దాటితే ఆ గడువు ఒక్క గంటే. మన వేసవిలో రేకుల ఇంట్లో, వంటింట్లో ఎంత వేడి ఉంటుందో చెప్పక్కర్లేదు. కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్‌ తలుపు తీయకుండా ఉంచితే లోపలి చల్లదనం దాదాపు 4 గంటలు నిలుస్తుంది. నిండుగా ఉన్న డీప్‌ ఫ్రీజర్‌ అయితే 48 గంటలు, సగం నిండితే 24 గంటలు. తలుపు తీసి చూసిన ప్రతిసారీ ఈ లెక్క తగ్గిపోతుంది. నాలుగు గంటలు దాటి కరెంటు లేకపోతే పాలు, మాంసం, చేపలు, వండిన కూరలకు తేదీతో పనిలేదు. తీసేయండి. తొక్కులు, ఊరగాయలు, సాస్‌, గట్టి బెల్లంలాంటివి ఉంచుకోవచ్చు.

ముక్కు చెప్పేది, చెప్పలేనిది

నాయనమ్మ ముక్కును తక్కువ చేయడానికి లేదు. పాచిపోయిన అన్నం, కంపుకొట్టే నూనె, పులిసి బుడగలొచ్చిన పప్పు, జిగట పట్టిన చికెన్‌... ఇవన్నీ ముక్కు, కన్ను, వేలు పట్టేస్తాయి. అలా అనిపిస్తే తేదీ నెల రోజులున్నా తినొద్దు. ఇందులో వాదనే లేదు.

అసలు సమస్య దీనికి తిరగేసిన వైపు ఉంది. కంపు రాకపోతే మంచిదేనా? ఆహారాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు వేరు, మనల్ని జబ్బు పడేసేవి వేరు. మొదటి రకం వాసన, రంగు మారుస్తాయి. సాల్మొనెల్లా లాంటి రెండో రకం కడుపులో గందరగోళం సృష్టించేంత సంఖ్యకు చేరినా రుచిలో, వాసనలో తేడా తెలియకపోవచ్చు. లిస్టీరియా అనే ఇంకో బ్యాక్టీరియా అయితే ఫ్రిజ్‌ చల్లదనంలోనూ మెల్లగా పెరుగుతుంది.

ఇంకో అపోహ ఉంది. ‘ఒకసారి బాగా మరిగిస్తే అన్నీ చస్తాయి’ అంటారు. బ్యాక్టీరియా చస్తుంది, నిజమే. అది అప్పటికే వదిలిన విషం చావదు. మన చేతుల మీద, ముక్కులో ఉండే స్టెఫైలోకాకస్‌ ఆహారంలో చేరి విడుదల చేసే విషం మరిగించినా పోదు. అన్నంలో పెరిగే బాసిల్లస్‌ సీరియస్‌ కూడా అంతే. దాని బీజాలు వండినా బతుకుతాయి. అన్నం గంటల తరబడి వెచ్చగా ఉంటే మొలకెత్తి, వాంతులు తెప్పించే విషాన్ని తయారు చేస్తాయి. పొద్దున వండిన అన్నాన్ని సాయంత్రం పోపు పెట్టి వేడి వేడిగా చేసినా ఆ విషం అలాగే ఉంటుంది.

తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది గుర్తుందా? పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా ఉండే అవకాశం ఉంది. వేడి తగలని ఆ తెల్లటి క్రీములో అది హాయిగా పెరుగుతుంది. వాసనకూ, రుచికీ తేడా తెలియదు. దాని మీద తేదీ ఉండదు, ఎప్పుడు కలిపారో రాసి ఉండదు. షవర్మా, మోమోల బండి దగ్గర నిలబడినప్పుడు ముక్కును నమ్ముకుంటే చాలదు.

ఎండు రొట్టె చెప్పే పాఠం

పాలమూరు నుంచి బొంబాయి, పుణె వలస వెళ్లిన పాత తరం మనుషులు జొన్న రొట్టెలను కడక్‌గా కాల్చి, ఎండబెట్టి మూటగట్టుకునేవారు. రోజుల తరబడి అవే తిండి. తోడుగా పల్లీల కారం, ఎండు తొక్కు. ఫ్రిజ్‌ లేదు, తేదీ లేదు. ఎలా ఆగాయి? వాటిలో నీళ్లు లేవు కాబట్టి. సూక్ష్మజీవి బతకాలంటే తడి కావాలి. తడి లేని చోట, ఉప్పు లేదా చక్కెర బాగా పట్టిన చోట, పులుపు ఎక్కువున్న చోట అది పెరగలేదు. అదే జొన్న రొట్టె మెత్తగా, వెచ్చగా ప్లాస్టిక్‌ కవర్లో కడితే రెండో రోజుకే బూజు.

పొడి, ఉప్పన, తీపి, పులుపు... వీటిలో ఏదో ఒకటి గట్టిగా ఉన్న పదార్థానికి తేదీ కొంచెం దాటినా భయపడక్కర్లేదు. మూత తీయని బిస్కెట్లు, అటుకులు, సేమియా, బియ్యం, కందిపప్పు, చింతపండు, పసుపు ఈ కోవలోవే. పురుగు, బూజు, ముక్క వాసన, జిడ్డు కంపు లేకపోతే కొన్ని వారాలు అటూ ఇటూ అయినా రుచి తగ్గడమే తప్ప ముప్పు తక్కువ. చిప్స్‌, మిక్చర్‌, వేయించిన పల్లీల ప్యాకెట్లలో నూనె ఉంటుంది. అది గాలికి, వేడికి చెడిపోతుంది. నోట్లో వేసుకోగానే పాత నూనె చేదు తగిలితే ఉమ్మేయండి. తేనె త్వరగా పాడు కాదు. నల్లమల తేనె గడ్డకట్టినా పాడైనట్టు కాదు, సీసాను గోరువెచ్చటి నీళ్లలో పెడితే కరుగుతుంది. ఒక్క జాగ్రత్త: ఏడాది లోపు పసిపిల్లలకు ఏ తేనె అయినా నాలుకకు కూడా రాయొద్దు. అందులో ఉండే కొన్ని బీజాలు వాళ్ల పేగుల్లో మొలకెత్తి బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తేవొచ్చు. గడువుతో దీనికి సంబంధం లేదు.

దీనికి పూర్తిగా అటువైపు తడిగా, మెత్తగా, పులుపు లేకుండా ఉన్నవి. పాలు, పనీరు, క్రీము కేకులు, మాంసం, చేపలు, కోసిన పండ్లు, ఫ్రిజ్‌లో అమ్మే రెడీమేడ్‌ ఐటమ్స్‌. వీటికి యూజ్‌ బై తేదీ గీత లాంటిది. ఒక్క రోజు కూడా దాటొద్దు, వాసన చూసి సర్ది చెప్పుకోవద్దు. పాల విషయంలో చాలామంది చేసే పని ఒకటుంది. కాచినప్పుడు విరిగిపోతే ‘పోనీలే, పనీరు చేద్దాం’ అంటారు. మంచి పాలలో నిమ్మరసం పిండి మనం విరగ్గొడితే పనీరు. వాటంతటవే విరిగాయంటే లోపల ఇప్పటికే ఎవరో పని చేసేశారన్నమాట. ఆ పాలు పారబోయండి.

మరి పెరుగు? అది మధ్యలో ఉంటుంది. పులుపే దానికి కాపలా. ఫ్రిజ్‌ చల్లదనం తెగకుండా ఉండి, ప్యాకెట్‌ విప్పకుండా ఉంటే, తేదీ దాటిన ఒకటి రెండు రోజులకు పులుపు ఎక్కువ కావడం తప్ప పెద్దగా మారదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు మజ్జిగ చారు చేసుకోవచ్చు. పైన గులాబీ, పచ్చ, నల్ల మచ్చలు కనిపించినా, ప్యాకెట్‌ ఉబ్బినా వద్దు. బ్రెడ్‌కు ఒక మూల చిన్న బూజు మచ్చ కనిపిస్తే ఆ ముక్క గిల్లేసి మిగతాది తింటారు కొందరు. మెత్తటి పదార్థంలో బూజు వేళ్లు కంటికి కనిపించనంత లోపలికి పోతాయి. మొత్తం ప్యాకెట్‌ పారేయాల్సిందే. మామిడికాయ తొక్కులో తడి చెంచా పెట్టి బూజు తెచ్చుకున్నా అంతే. పైన తీసేసి నూనె పోస్తే సరిపోదు.

ఇంకోటి. ప్యాకెట్‌ మీది తేదీ, విప్పనంత వరకే. పండ్ల రసం డబ్బా, టెట్రా ప్యాక్‌ పాలు నెలల తరబడి బయట ఆగేది లోపల సూక్ష్మజీవులు లేకుండా సీల్‌ చేసినందుకు. మూత తీశారా, అది మామూలు పాలే. ఫ్రిజ్‌లో పెట్టి లేబుల్‌ మీద చెప్పిన రోజుల్లో ముగించండి. విప్పిన రోజు పెన్నుతో ప్యాకెట్‌ మీద రాసి పెట్టుకోవడం మంచి అలవాటు. ఉబ్బిన, లీకైన, తుప్పు పట్టిన టిన్నులను రుచి చూడడానికి కూడా తెరవొద్దు.

తేదీ లేని తిండి

నిజానికి మనం తినేదాంట్లో ఎక్కువ భాగానికి అసలు తేదీయే ఉండదు. జూరాల డ్యామ్‌ దగ్గర ఆగి చేపల వేపుడు తినని వాళ్లు మన వైపు తక్కువ. కళ్లముందే నూనెలో వేగిన చేపను అక్కడే వేడిగా తింటే ఇబ్బంది తక్కువ. పులుసు కవర్లో కట్టించుకుని, కారు డిక్కీలో పెట్టి, దారిలో రెండు చోట్ల ఆగి, రాత్రి తొమ్మిదికి వనపర్తిలో విప్పితే దాని గడువు ఎప్పుడో తీరిపోయినట్టే. పచ్చి చేప కొంటే మొప్పలు ఎర్రగా, కన్ను మెరుస్తూ, వేలితో నొక్కితే కండ మళ్లీ పైకి లేస్తూ ఉండాలి. ఐసు లేకుండా గోనె మీద మధ్యాహ్నం దాకా పరిచి ఉంచిన చేపలను చవగ్గా ఇచ్చినా వదిలేయండి.

సలేశ్వరం జాతర చైత్ర పౌర్ణమికి వస్తుంది. అంటే మండు వేసవి. అడవిలో నడక, గంటల తరబడి మూటలో తిండి. చింతపండు పులిహోర, ఎండు రొట్టె, పల్లీల పొడి తీసుకెళ్లిన వాళ్లకు ఫర్వాలేదు. పెరుగన్నం, గుడ్డు కూర, కొబ్బరి పచ్చడి మోసుకెళ్తే పిల్లలకు వాంతులే. సద్దన్నం సంగతి వేరు. రాత్రి నీళ్లు పోసి, మజ్జిగ కలిపి పులియబెట్టి, తెల్లారగానే తినేసేవారు. పులుపు దాన్ని కాపాడింది, తొందరగా తినే అలవాటు మనిషిని కాపాడింది. అదే సద్దిని పొలం గట్టున మధ్యాహ్నం రెండింటి దాకా ఉంచితే లాభం లేదు.

మిఠాయి దుకాణంలో విడిగా అమ్మే స్వీట్ల ముందు బెస్ట్‌ బిఫోర్‌ తేదీ రాసిపెట్టాలని 2020 అక్టోబరు 1 నుంచి నిబంధన ఉంది. కలాకండ్‌ లాంటివాటికి ఒక్క రోజు, రసగుల్లాలకు రెండు రోజులే అప్పట్లో సూచించిన గడువు. మన పట్టణాల్లో ఆ చీటీ ఎన్ని దుకాణాల్లో కనిపిస్తోందో మీరే చూడండి. కనిపించకపోతే అడగండి. నలుగురు అడిగితే ఐదోవాడు వచ్చేసరికి రాసిపెడతారు.

పల్లీల దగ్గర ఆగుదాం

ఈ మూడు జిల్లాల్లో ఒక్క పదార్థం గురించి గట్టిగా చెప్పాలంటే నేను పాల గురించి కాదు, పల్లీల గురించి చెబుతాను. గద్వాల నుంచి వనపర్తి, అచ్చంపేట దాకా వేరుశనగ పండని ఊరు తక్కువ. ప్రతి ఇంట్లోనూ బస్తానో అరబస్తానో ఉంటుంది. పచ్చడి, పొడి, కూరలోకి మసాలా, ఉడకబెట్టినవి, వేయించినవి... రోజూ ఏదో రూపంలో తింటాం. దానికి తేదీ ఉండదు. దాని ప్రమాదానికి వాసనా ఉండదు.

1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు అంతుచిక్కని జబ్బుతో చచ్చిపోయాయి. ఆరా తీస్తే దాణాలో కలిపిన వేరుశనగ పిండి దగ్గర తేలింది. ఆస్పర్జిల్లస్‌ ఫ్లేవస్‌ అనే బూజు అందులో వదిలిన విషమే కారణం. దానికే అఫ్లటాక్సిన్‌ అని పేరు పెట్టారు. 1974లో రాజస్థాన్‌, గుజరాత్‌ పల్లెల్లో వానకు తడిసి బూజు పట్టిన మక్కజొన్న తిని వంద మందికి పైగా కాలేయం దెబ్బతిని చనిపోయారు. ఒకేసారి ఎక్కువ తింటే అలా. కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి ఒంట్లోకి పోతే కాలేయ క్యాన్సర్‌. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్‌ పరిశోధన సంస్థ దీన్ని కచ్చితంగా క్యాన్సర్‌ తెచ్చే వాటి జాబితాలో చేర్చింది. హెపటైటిస్‌-బి ఉన్నవాళ్లకు ఈ ముప్పు చాలా రెట్లు పెరుగుతుంది.

వేయిస్తే పోతుందా? పోదు. ఉడకబెడితే? ఆ వేడికీ పోదు. అందుకే ముందే ఏరేయాలి. పంట చివర్లో నీళ్లందక బెట్టకు గురైన కాయలో, తవ్వేటప్పుడు చిల్లిపడ్డ కాయలో, సరిగా ఎండకుండా బస్తాకెత్తిన కాయలో ఈ బూజు చేరుతుంది. కాయలో తేమ 8 శాతం లోపుకు దిగేదాకా ఎండబెట్టాలి. బస్తాలను నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు తగలకుండా పేర్చాలి. వంటకు తీసుకునేటప్పుడు ముడుచుకుపోయినవి, రంగు మారినవి, పచ్చటి పొడిలాంటి బూజు ఉన్నవి, పురుగు తిన్నవి ఏరి పారేయండి. చేదు పల్లీ ఒక్కటి నోట్లో పడితే మింగకుండా ఉమ్మేయండి. నాయనమ్మలు చాటలో పోసి గంటసేపు ఏరింది తీరిక దొరికి కాదు. ఏరితే విషం పూర్తిగా పోయిందని చెప్పలేం గానీ, ఎక్కువ భాగం ఉండేది ఆ చెడ్డ గింజల్లోనే.

ఏరినవి ఏం చేస్తున్నారు? ఇక్కడే పొరపాటు జరుగుతోంది. బర్రెకు, కోళ్లకు వేస్తారు. బూజు పట్టిన పల్లీలు, పల్లి చెక్క తిన్న బర్రె పాలలోకి ఆ విషం ఇంకో రూపంలో వస్తుంది. ఆ పాలు మళ్లీ మన పిల్లలకే. గానుగకు పంపడం కూడా అంతే పొరపాటు. గుంత తీసి పూడ్చేయండి. సంతలో విరుగుడు పల్లీలు సగం ధరకు దొరుకుతున్నాయని, చట్నీకే కదా అని హోటళ్ల వాళ్లు కొంటే అది పదిమంది కాలేయాల మీద పడుతుంది.

ఎవరు తింటున్నారు?

ఇదే పెరుగు, ఇదే బ్రెడ్‌. తినేది మీరా, మీ ఆరు నెలల మనవడా? సమాధానం మారిపోతుంది. అయిదేళ్ల లోపు పిల్లలు, గర్భిణులు, అరవై అయిదు దాటినవాళ్లు, షుగర్‌, కిడ్నీ జబ్బులున్నవాళ్లు, క్యాన్సర్‌ చికిత్సలో ఉన్నవాళ్లకు ‘కాస్త చూసి తినొచ్చు’ అన్న వెసులుబాటు లేదు. గర్భిణికి లిస్టీరియా సోకితే తల్లికి చిన్న జ్వరంలా అనిపించినా కడుపులో బిడ్డకు ప్రాణం మీదికి వస్తుంది.

డబ్బా పాలపొడికి తేదీ దాటితే ఒక్క రోజు కూడా వాడొద్దు. అందులోని పోషకాలు ఆ తేదీ వరకే లెక్కగా ఉంటాయి, బిడ్డకు అదే పూర్తి ఆహారం. డబ్బా తెరిచాక నెలలోపు ముగించాలి. కలిపిన పాలు రెండు గంటల్లోపు పట్టాలి. బిడ్డ తాగి వదిలేసినవి దాచిపెట్టి మళ్లీ పట్టొద్దు. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం ప్యాకెట్‌ తీసుకునేటప్పుడే తేదీ చూడండి. రెండున్నర కిలోల ప్యాకెట్‌ నెలకు. ఇంటికెళ్లాక మూత గట్టి డబ్బాలోకి పోసి, ప్యాకెట్‌ మీది తేదీ ముక్కను కత్తిరించి ఆ డబ్బాకే అంటించండి. తేదీ దాటినదో, గడ్డకట్టినదో చేతికొస్తే మొహమాటపడకుండా మార్చమని అడగండి. అది మీ బిడ్డ హక్కు.

దుకాణం దగ్గర

ఊళ్లలోని చిన్న కిరాణాల్లో పాత సరుకు ముందు వరుసలో ఉంటుంది. పది రూపాయల ప్యాకెట్‌ అయిదుకే ఇస్తామంటే ఒకసారి వెనక్కి తిప్పండి. తేదీ మీద ఇంకో స్టిక్కర్‌ ఉందా, అంకెలు చెరిపి మళ్లీ కొట్టారా, గోకినట్టుందా చూడండి. గడువు తీరిన సరుకు కొత్త తేదీలతో తిరిగి మార్కెట్‌కు రాకుండా, దాని లెక్కను మూడు నెలలకోసారి ఆన్‌లైన్‌లో ఇవ్వాలని 2024 డిసెంబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ తయారీ, దిగుమతి సంస్థలను ఆదేశించింది. గల్లీ దుకాణంలో మాత్రం కాపలా కాయాల్సింది మీ కళ్లే. ‘ప్యాక్‌ చేసిన నాటి నుంచి ఆరు నెలలు’ అని ఉంటే ఆ ప్యాకింగ్‌ తేదీ ఎక్కడుందో వెతికి వేళ్ల మీద లెక్క పెట్టుకోండి. పిల్లల చేతికి డబ్బులిచ్చి పంపేటప్పుడు తేదీ చూడడం నేర్పి పంపండి, ఆరో తరగతి పిల్లలకు ఇది అయిదు నిమిషాల పాఠం.

గడువు తీరింది అమ్మితే బిల్లు తీసుకుని, ప్యాకెట్‌ ఫొటో తీసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌ 1915కు ఫోన్‌ చేయొచ్చు. జిల్లా ఆహార భద్రత అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చు.

తినేశాక తెలిస్తే

తినేశాక ప్యాకెట్‌ తిప్పి చూసి కంగారుపడే వాళ్లు చాలామంది. తేదీ దాటిన బిస్కెట్‌ తిన్నంత మాత్రాన ఏమీ కాదు. వేలు పెట్టి వాంతి చేయించొద్దు. ముందుజాగ్రత్త అని ఇంట్లో ఉన్న యాంటీబయాటిక్‌ మాత్ర వేసుకోవద్దు. గమనిస్తూ ఉండండి. గంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు మొదలైతే ఎక్కువగా ఆహారంలో అప్పటికే ఉన్న విషం వల్ల. సాల్మొనెల్లా లాంటివి ఆరు గంటల నుంచి మూడు రోజుల దాకా, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా బయటపడతాయి. అందుకే నిన్న తిన్నది మరిచిపోయి ఇవాళ్టి భోజనాన్ని తిడుతుంటాం.

విరేచనాలు, వాంతులు మొదలైతే ఓఆర్‌ఎస్‌ తాగించండి. పెద్ద ప్యాకెట్‌ లీటరు నీళ్లలో, చిన్నది ఒక గ్లాసు నీళ్లలో. కొలత ప్యాకెట్‌ మీదే ఉంటుంది, దాని గడువు తేదీ కూడా. వాంతి అవుతున్నా చెంచాతో కొద్దికొద్దిగా పడుతూనే ఉండాలి. తల్లిపాలు ఆపొద్దు. విరేచనంలో రక్తం పడినా, జ్వరం ఎక్కువైనా, నీళ్లు కూడా నిలవకపోయినా, మూత్రం ఆగినా, కళ్లు లోతుకు పోయి బిడ్డ మత్తుగా ఉన్నా ఇంట్లో చిట్కాలతో కాలయాపన వద్దు. మాట తడబడడం, రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం కనిపిస్తే ఇంకా అత్యవసరం. 108కి ఫోన్‌ చేయండి. గర్భిణి, పసిబిడ్డ అయితే ఈ లక్షణాల కోసం ఎదురుచూడకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి. వెళ్లేటప్పుడు మిగిలిన ఆహారాన్ని, ప్యాకెట్‌ను కవర్లో మూటగట్టి వెంట తీసుకెళ్లండి. ఏం తిన్నారు, ఎన్ని గంటలకు తిన్నారు, అదే తిన్నవాళ్లు ఇంకెవరున్నారు... డాక్టరు మొదట అడిగేవి ఈ మూడే.